మూడు పొద్దుల సీమ చివరి భాగం కోసం పుదుచ్చేరికి

మూడేళ్లపాటు మా మాసపత్రికలో వచ్చిన ‘త్రిసూర్య మండలం’ సీరియలు మధ్యలో ఎందుకు ఆగిపోయిందని అడుగుతూ చాలామంది ఉత్తరాలు రాశారు. రచయిత యతిరాజులుగారి నుంచి ఈ నెల భాగం అందలేదని ఒక మూల చిన్న అక్షరాల్లో వేసి ఊరుకున్నాం. అప్పటికి మాకూ అంతే తెలుసు. తరవాత నేను పుదుచ్చేరి వెళ్లి అయిదు రోజులుండి, చివరి భాగం తీసుకొచ్చాను. అది అచ్చయ్యేలోపే ఆయన పోయారు. ఆ ఊరు చూడనివాళ్లకీ, ఆయన్ను చూడనివాళ్లకీ ఆ అయిదు రోజుల సంగతి చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

కథ చదవనివాళ్ల కోసం రెండు మాటలు. చాలా దూరాన ఎక్కడో మూడు సూర్యులున్న లోకం. రెండు పెద్దవి, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. మూడోది చిన్నది, ఎర్రటిది. ఆ రెండింటికీ బాగా ఎడంగా ఉండి వాటి చుట్టూ తిరుగుతుంది. మనుషులున్న నేల ఈ చిన్నదాన్ని అంటిపెట్టుకుని ఉంది. వందల ఏళ్ల కిందట ఒక కంపెనీ నూలు పనికని ఓడలో తీసుకెళ్లి దింపిన జనం వాళ్లు. ఓడ మళ్లీ రాలేదు. వాళ్లకు మాట మిగిలింది, రాత పోయింది. చెంగమ్మ అనే ముసలి మంత్రసాని నూలుపోగుకు ముళ్లు వేసి ఏళ్లు లెక్క పెడుతుంటుంది. ఏటేటా జంట సూర్యులు చిన్నవైపోతున్నాయని మొదట కనిపెట్టింది ఆవిడే. తమ చిన్న సూర్యుడు ఆ రెండింటినీ వదిలి వెళ్లిపోతున్నాడా, అదే జరిగితే తమ గతేమిటి? కథ అక్కడ ఆగింది.

తమిళంలో వచ్చిన కార్డు

యతిరాజులుగారు కథ రాసేవారు కాదు, చెప్పేవారు. మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. వాళ్లది తరతరాలుగా పుదుచ్చేరిలో ఉన్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ అక్షరాలు రావు. చదువంతా తమిళంలో. అందుకని నెలనెలా ఒక కేసెట్ నింపి తెనాలిలో మా ఆఫీసుకి పోస్టు చేసేవారు. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒక్కో వాక్యాన్ని వెనక్కి తిప్పి రెండేసిసార్లు విని కాగితం మీద పెట్టేదాన్ని. ఉత్తరం రాసినా ఆయన చదవలేరు కాబట్టి, ఆయన మాటల మీదే నా జవాబు రికార్డు చేసి ఆ కేసెట్టే తిరిగి పంపేదాన్ని. దాని మీద ఆయన తరవాతి భాగం చెప్పేవారు. రెండే కేసెట్లు, మూడేళ్లు అటూ ఇటూ తిరిగాయి.

ఆఖర్న వచ్చిన రెండు మూడు భాగాల్లో గొంతు బొంగురుగా వచ్చింది. మీ టేప్‌రికార్డర్ హెడ్డు మాసినట్టుంది, తుడిపించండి అని చెప్పి పంపాను. ఆయన తుడిపించారట. తరవాతి కేసెట్ ఇంకా అన్యాయంగా ఉంది. అది రాసుకోవడం పూర్తికాక నా దగ్గరే ఉంచి, రెండోదాని మీద మళ్లీ అదే చెప్పి పంపాను.

ఆ తరవాత కేసెట్ రాలేదు. ఒక పోస్టుకార్డు వచ్చింది, మొత్తం తమిళంలో. ఆఫీసులో ఎవరికీ ఒక్క అక్షరం రాదు. పండక్కి రాసి ఉంటార్లే అనుకుని నా టేబులు అద్దం కింద పెట్టాను. అది అక్కడ రెండు వారాలకు పైగా ఉంది. ఒకరోజు మిఠాయి కొట్టు ఆయన మా ఆఫీసుకి ప్రకటన ఇవ్వడానికి వచ్చి, ఆయనది మధురై వైపు, అద్దం మీదికి వంగి చూసి, ఇది చాలా అర్జెంటు కదమ్మా అన్నారు. గొంతులో పుండు, ఆపరేషన్ చేస్తారు, తరవాత మాట రాదట, ఇక్కడి మిషను ఇప్పుడు టేపు నమిలేసి పాడైంది, ఆలోపల మీరు మిషను తీసుకుని వస్తే కథ ముగించేస్తాను అని ఉంది అందులో. ఆపరేషన్ తేదీ కూడా రాశారు. ఆ తేదీ దాటి నాలుగు రోజులైంది.

ఒర్లియంపేట

బస్టాండు నుంచి నడిచి వెళ్లేంత దగ్గర ఒర్లియంపేట. ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసినట్టు ఉంటాయి. వాకిట్లో ముగ్గు, ముగ్గు పక్కనే మోపెడ్, దాని హేండిలుకి ఆరేసిన తువ్వాలు. కుళాయి దగ్గర రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు వరసలో ఉంటే, మనుషులు పక్కన గడప మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు. మా దగ్గర బిందెకు కాపలా మనిషి లేకపోతే ఆ బిందె వెనక్కి వెళ్లిపోతుంది.

వీధిపేర్లు, కొట్ల బోర్డులు అన్నీ ఉన్నాయి. ఒక్కటీ చదవలేను. నలభై ఏళ్ల వయసులో, పొద్దస్తమానం అక్షరాలతోనే బతికే నేను, చదువురానిదాన్నై పోయి కనిపించిన ప్రతి మనిషినీ అడుక్కుంటూ నడిచాను. యతిరాజులుగారి ఇల్లు ఎక్కడ అంటే ఎవరూ చెప్పలేదు. చివరికి ఇడ్లీ అమ్మే ఆవిడ, మిల్లు ఎతిరాజా అంది. ఆయన పేరు ఎతిరాజులు. కేసెట్లో ఆయన అలాగే చెప్పేవారు. ‘య’ పెట్టి సరిదిద్దింది నేను.

ఇంటికి తాళం ఉంది. గోరిమేడు ఆస్పత్రిలోనే ఉన్నారనీ, భార్య పొద్దున్నే వెళ్లి చీకటి పడ్డాక వస్తుందనీ తమిళంలో, చేతులతో కలిపి చెప్పింది ఇడ్లీ ఆవిడ. నాలుగు ఇడ్లీలు ఆకులో పెట్టి, కారప్పొడి మీద నువ్వుల నూనె పోసి ఇచ్చింది. మా వైపు ఇడ్లీకి నెయ్యి పోస్తాం. నువ్వుల నూనె ఏమిటా అనుకున్నాను కానీ ఆకలి మీద బాగానే ఉంది.

దారి తప్పి రెడ్డియార్‌పాళయం

బోర్డు చదవలేక ఎక్కిన బస్సు గోరిమేడు వెళ్లలేదు. అది ఊరికి ఇంకో వైపు వెళ్తోందని అర్థమై దిగిపోయేసరికి రెడ్డియార్‌పాళయంలో ఉన్నాను. ఎండ మాడుతోంది. కొట్లన్నీ మూసేస్తున్నారు. ఈ ఊళ్లో మధ్యాహ్నం కొట్లు కట్టేసి భోంచేసి నిద్రపోయి సాయంత్రం తెరుస్తారట.

విత్తనాల కొట్టు తలుపులు వేస్తున్న పెద్దాయన్ని దారి అడిగితే, నా వచ్చీరాని తమిళం విని నవ్వి, “తెలుగేనా? యాడ నుంచి వొస్తా ఉండారు?” అన్నారు. ఆ ఊళ్లో నేను విన్న మొదటి తెలుగు మాట అది. పేరు మునిసామి రెడ్డియార్. వాళ్ల పెద్దలు ఎన్నో తరాల కిందట సేద్యానికి వచ్చారట. ఈ ఎండలో బస్సు దొరకదు, అన్నం తిని పొండి అని ఇంటికి తీసుకెళ్లారు. ఆయన భార్య అరటికాయ వేపుడు, సాంబారు, ఆ తరవాత చారు, ఆ తరవాత మజ్జిగ, అన్నీ వరస తప్పకుండా వడ్డించింది. పచ్చడి లేకుండా భోజనం ముగియడం నాకు కొత్త.

నాకు తెలుగు చదవడం వచ్చని తెలిశాక ఆయన చెయ్యి కడుక్కుని పూజగదిలోకి వెళ్లి అట్ట ఊడిన పాత పుస్తకం ఒకటి తెచ్చారు. అట్ట నిండా పసుపు, కుంకుమ. వాళ్ల తాత చేతిరాత. ఇంట్లో ఎవరికీ చదవడం రాదు. తాత రాసిన దేవుడి పాటలని ఏళ్ల తరబడి పూజలో పెట్టారు. కోడళ్లనూ మనవలనూ పిలిచి కూర్చోబెట్టి, చదవమన్నారు.

మొదటి పుటలో, దూడకు కడుపు ఉబ్బితే వాము, బెల్లం ఎంతెంత నూరి పట్టాలో ఉంది. రెండో పుటలో ఎద్దు మెడ మీద పుండుకు మందు. పుస్తకమంతా పశువుల వైద్యమే. నేను చదవడం ఆపి ఆయన ముఖం వంక చూశాను. ఆయన నా చేతిలోని పుటలు ఒకసారి తడిమారు. తరవాత, “ఉండనీమ్మా. తాత రాసిందే కదా,” అని పుస్తకం తీసుకుని మళ్లీ లోపల దేవుడి దగ్గరే పెట్టి వచ్చారు.

మిగతాది కూడా వచ్చి చదివి పెడతానని మాటిచ్చాను. వెళ్లలేకపోయాను. ఆయన స్కూటరు మీద నన్ను గోరిమేడులో దింపారు.

గోరిమేడు

అంత పెద్ద ఆస్పత్రి నేనెప్పుడూ చూడలేదు. చెట్ల కింద, మెట్ల మీద, నడవాల్లో జనం చాపలు పరుచుకుని క్యారియర్లు విప్పుకుంటున్నారు. చిత్తూరు, నెల్లూరు, కడలూరు, ఎక్కడెక్కడి వాళ్లో.

గొంతు జబ్బుల వార్డులో మాట్లాడే చప్పుడు తక్కువ. కిటికీ పక్క మంచం మీద సన్నటి మనిషి, తెల్లటి గడ్డం మాసి ఉంది, మెడ దగ్గర పల్చటి గుడ్డ కట్టి ఉంది. గుడ్డ వెనక చిన్న రంధ్రం. ఊపిరి అందులోంచే. ఊపిరి తీసినప్పుడల్లా గుడ్డ లోపలికి పోయి బయటికి వస్తోంది. ముక్కులోంచి ఒక గొట్టం. మూడేళ్లు నా చెవుల్లో మాట్లాడిన మనిషిని నేను చూడటం అదే మొదటిసారి.

పక్కన స్టూలు మీద ఉన్నావిడ లేచింది. కస్తూరి, ఆయన భార్య. యాభై దాటి ఉంటాయి. నా చేతిలో టేప్‌రికార్డర్ చూసి ఎవరో గుర్తుపట్టింది.

“తెనాలి అమ్మ కదా,” అంది. “ఆపరేషనుకు తీసుకుపొయ్యే దినం దాకా మాట్లాడతానే ఉండె. మీరు వొస్తారని వాకిలి దిక్కే చూస్తా ఉండె.”

కార్డు చదవగలిగేవాళ్లు లేక ఆలస్యమైందని చెప్పాను. ఆయన దిండు కింద నుంచి రూళ్ల నోటుబుక్కు తీసి తమిళంలో ఏదో రాశారు. కస్తూరి చదివింది: “నాకు తెలుగు రాత రాదు, మీకు తమిళం రాత రాదు. ఇద్దరి తప్పూ ఉండాది.”

గొంతు బొంగురుగా ఉందంటే మిషను తుడిపించమన్నాను కదా, ఆ సంగతి ఎత్తబోయాను. ఆయనకు ముందే అర్థమైంది కాబోలు, చెయ్యి అడ్డంగా ఊపారు. తరవాత నడవాలో కస్తూరి చెప్పింది. నా మాట విని ఆయన రెండుసార్లు ఆ మిషన్ని రిపేరు కొట్టుకు మోసుకెళ్లారట. రెండోసారి కొట్టతను, మిషను బాగానే ఉంది, మీరు డాక్టరుకి చూపించుకోండి అన్నాడట. వాళ్లు ఆస్పత్రికి వచ్చింది ఆ మాట మీదే. అప్పటికే ఆలస్యమైంది. నేను నడవా గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాను. కస్తూరి ఫ్లాస్కులో కాఫీ పోసి ఇచ్చింది.

ఆ రోజు నుంచి నా మకాం ఒర్లియంపేటలో వాళ్లింట్లోనే. వేరే గది తీసుకుంటానంటే ఆమె ఒప్పుకోలేదు. కస్తూరిగారూ అని పిలిస్తే నవ్వొచ్చింది ఆమెకు. గారు అనేది వాళ్లింట్లో వినని మాట. అక్కా అని పిలిచాను.

అచ్చులో ఉన్నది ఎవరి మాట?

మర్నాడు మధ్యాహ్నం కస్తూరక్క ఇంటి నుంచి ఒక గుడ్డసంచి తెచ్చింది. అందులో మా పత్రిక సంచికలు, మూడేళ్లవీ, ఒక్కటీ పోకుండా ఉన్నాయి. ప్రతిదానిలో సీరియలు ఉన్న చోట అట్టముక్క పెట్టి ఉంది. బొమ్మలు చూసుకుంటాము, ఈడ మా వీధిలో చదివేవాళ్లు ఎవురూ లేరు అంది.

ఆయన తన కథ అచ్చులో ఎలా ఉందో ఒక్కసారి కూడా వినలేదన్నమాట. మొదటి భాగం తీసి చదవమని వేలితో చూపించారు.

చదివాను. ‘త్రిసూర్య మండలం’ అని శీర్షిక చదవగానే కనుబొమలు ముడిపడ్డాయి. కేసెట్లో ఆయన పెట్టిన పేరు మూడు పొద్దుల సీమ. ఇంకో పేరా చదివాను. చెంగమ్మ తన మనవరాలిని, “ఎక్కడికి వెళుతున్నావమ్మా?” అని అడిగే చోట ఆయన చెయ్యెత్తి ఆపారు. నోటుబుక్కులో రాశారు. కస్తూరక్క అది చదవడానికి కొంచెం తటపటాయించింది.

“ఇది ఎవురు మాట్లాడేది, అని అడుగుతుండాడు.”

నేనే మార్చానని చెప్పాను. యాడ అన్నచోట ఎక్కడ అని పెట్టాను, పొద్దు అన్నచోట సూర్యుడు అన్నాను, పాఠకులకు తెలియాలి కదా అనుకున్నాను. ఇంకో నిజం కూడా ఉంది. నేను చక్కగా దిద్దుతానని మా ఎడిటరుగారు మెచ్చుకునేవారు. అది నాకు గొప్పగా ఉండేది. అదీ చెప్పాను.

ఆయనకు కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది. చాలాసేపు సంచికలోని బొమ్మ చూస్తూ కూర్చుని, తరవాత నాలుగైదు వరసలు రాశారు. కస్తూరక్క మెల్లిగా చదివింది.

“చెంగమ్మ జనానికి మిగిలింది మాట ఒకటే. అదీ తీసేస్తే ఇంగ వాళ్ల దెగ్గిర ఏమి ఉంటాది?”

నేను సంచిక మూసేశాను. కాసేపటికి మళ్లీ మొదలుపెట్టాను, అచ్చులో ఉన్నట్టు కాదు, కేసెట్లో విన్నట్టు. ఒక్కో వాక్యాన్ని అన్నేసిసార్లు వెనక్కి తిప్పి విన్నదాన్ని కదా, చాలామటుకు నోటికి వచ్చింది. “యాడికి పోతా ఉండావే పాపా?” అంటుంది చెంగమ్మ. “పొద్దు చూసేదానికి పోతా ఉండా అవ్వా,” అంటుంది మనవరాలు. “ఏ పొద్దు?” “పెద్ద పొద్దులు రెండూను. నిన్నటికన్నా చిన్నగా ఉండాయి.”

ఎదురు మంచం మీది తన భర్తకు కాపలా ఉన్న చిత్తూరు జిల్లా ఆవిడ దగ్గరికి వచ్చి నిలబడింది. ఇది మా ఊరి మాట మాదిరే ఉండాదే అంది. ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చారు. నర్సు వచ్చి చూసి, నెమ్మదిగా చదవండి అని తమిళంలో చెప్పి వెళ్లింది. మూడు భాగాలు చదివాను. ఎతిరాజులు అన్న కళ్లు మూసుకుని విన్నారు. పెదవులు కదులుతూనే ఉన్నాయి. నేను ఎక్కడైనా మాట తప్పితే కళ్లు తెరిచేవారు.

ఆ సాయంత్రమే అడిగాను, మూడు సూర్యుల ఊహ ఎలా వచ్చిందని. మిల్లులో ఉన్నప్పుడు ఒక తమిళ వారపత్రికలో చదివారట, మన సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న నక్షత్రం నిజానికి మూడు నక్షత్రాలనీ, రెండు జంటగా ఉంటాయనీ, మూడోది ఎంత మసకదంటే మామూలు కంటికి కనిపించదనీ. “కంటికి కనపడనిదాని దెగ్గిర మనుషులుంటే వాళ్లెట్ల ఉంటారా అని యోచన చేస్తిని,” అని రాశారు.

సముద్రం

మూడోరోజు పొద్దున ఆస్పత్రికి వెళ్లే ముందు కస్తూరక్క నన్ను సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లింది. ఇంత దూరం వచ్చి చూడకుండా పోతారా అంది. నేను చూసిన సముద్రం సూర్యలంకది. ఇసకలో నడుచుకుంటూ నీళ్లలోకి వెళ్లిపోవడమే. ఇక్కడ ఒడ్డంతా నల్లటి బండలు పోసి ఉన్నాయి. అలలు వాటిని కొట్టి వెనక్కి పోతాయి, కాలు తడుపుకోవడానికి చోటు లేదు. జనం గట్టు మీద కూర్చుని చూస్తారు. ఎర్ర టోపీ పోలీసు ఒకతను సైకిల్ని గట్టుకు ఆనించి టీ తాగుతున్నాడు. తెల్లగోడల వీధుల్లో ఒక దుకాణం ముందు చెయ్యంత పొడుగు రొట్టెలు కట్టెల్లా నిలబెట్టి ఉన్నాయి. ఒకటి కొనుక్కుని ఇద్దరం తుంచుకు తిన్నాం. పైన గట్టిగా, లోపల మెత్తగా ఉంది. ఆయనకు ఇష్టమట. ఇప్పుడు గొట్టంలోంచి పోసే జావ తప్ప ఏదీ పోదు.

పెళ్లైన కొత్తలో మిల్లు సెలవు రోజున ఆయన ఆమెను ఇక్కడికే తెచ్చి ఈ మూడు పొద్దుల సంగతి చెప్పేవారట. ఆమెకు బోర్ కొట్టేదట. సుండల్, అదే శనగ గుగ్గిళ్లు, కొనివ్వండి అని మధ్యలో ఆపేసేదట. ఆపరేషనుకు ముందురోజు కూడా, మిషను లేదు కదా, నీకు చెప్తాను విను అన్నారట. ఆమె మాత్రలు తీసుకురావాలి, రక్తానికి మనుషులను వెతకాలి, తరవాత వింటాలే అని వెళ్లిపోయింది.

“తరవాత అనేసినా అమ్మా,” అంది. ఆ మాట రెండుసార్లు అని, ముఖం సముద్రం వైపు తిప్పుకుంది.

గాలి

చివరి భాగం మూడు మధ్యాహ్నాలు పట్టింది. ఆయన తమిళ అక్షరాల్లో తెలుగు రాసేవారు. కస్తూరక్క పైకి చదివేది. నేను విని తెలుగులో రాసుకునేదాన్ని, ఈసారి ఒక్క మాట మార్చకుండా. రాసింది మళ్లీ పైకి చదివితే ఆయన తల ఊపేవారు. ఒక్కో పేజీ రాయడానికి ఆయనకు గంట పట్టేది. మధ్యలో ఆయాసం వచ్చి గుడ్డ తడిసిపోయేది. నర్సు శుభ్రం చేసి వెళ్లేదాకా ఆగేవాళ్లం. రేపు రాద్దాం అంటే వినేవారు కాదు.

కథలో చెంగమ్మ చివరి ముడి వేస్తుంది. చిన్న పొద్దు నిజంగానే జంటను వదిలి వెళ్లిపోతుంది. ఆపడం ఎవరి వల్లా కాదు. కొందరు ఏడుస్తారు. కొందరు పాత ఓడలో మిగిలిన రేకులతో పడవ చేసి పెద్ద పొద్దుల దగ్గరికి పోతామంటారు. చెంగమ్మ వాళ్లను ఆపదు. తాను మాత్రం ఉండిపోతుంది. “పెద్దవి రెండూ దూరంగా ఉండి వెలుగిచ్చినాయి. చలికాలంలో కాళ్లు కాగింది ఈ చిన్నదాని దెగ్గిరే. ఇప్పుడు ఇది ఒంటిదైపోతే దీన్ని యాడ విడిచిపెట్టేది?” అంటుంది. పడవ వెళ్లిపోతుంది. జంట పొద్దులు రెండు చుక్కలైపోతాయి.

ఆఖరి వాక్యం దగ్గర చిక్కొచ్చింది. తమిళంలో క, ఖ, గ మూడింటికీ ఒకటే అక్షరం, ఖాళీని కూడా కాలి అనే రాస్తారు. కస్తూరక్క చదివింది: “ఆ నేల మీద కాలి మిగిలింది.” ఖాళీయా, గాలియా? రెండూ పొసగుతాయి. ఖాళీ అంటే ఎవరూ లేరని అర్థం. నేను ఖాళీ అనే రాసుకుని, అడగాలి కదా అని అడిగాను.

ఆయన రాయలేదు. అప్పటికి పెన్సిలు పట్టుకునే ఓపిక లేదు. నా చెయ్యి పట్టుకుని, అరచేతిని తన మెడ దగ్గరికి, ఆ గుడ్డకు ముందు తెచ్చి పెట్టారు. ఊపిరి వదిలారు. వెచ్చగా తగిలింది. మళ్లీ వదిలారు. నా ముఖంలోకి చూశారు, తెలిసిందా అన్నట్టు.

ఖాళీ కొట్టేసి గాలి అని రాశాను.

నోటుబుక్కు మూసి కస్తూరక్క ఒళ్లో పెట్టారు. నిద్రపోయారు. మర్నాడు నేను వెళ్తున్నానని చెప్పడానికి వెళ్తే జ్వరంగా ఉంది, కళ్లు తెరవలేదు. నేను వచ్చేసిన మూడు వారాలకు పోయారు. చివరి భాగం ‘మూడు పొద్దుల సీమ’ అనే పేరుతో, ఎతిరాజులు అనే పేరుతో, ఆయన మాటల్లోనే వేశాం. ఇన్ని తప్పులతో ఎలా వేశారని మా ఎడిటరుగారికి కొన్ని ఉత్తరాలు వచ్చాయి. ఇది చదివాక వాళ్లు మరోసారి ఆ భాగం తీసి చదివితే సంతోషిస్తాను.

బస్టాండు

తిరుగు ప్రయాణం రోజు కస్తూరక్క నాతో బస్టాండు దాకా వచ్చింది. దారిలో తినడానికి నిమ్మకాయ పులిహోర కట్టి తెచ్చింది. బస్సుకు ఇంకా సమయం ఉంది. సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. ఆమె అప్పటిదాకా నన్ను ఏమీ అడగలేదు. అప్పుడు అడిగింది.

“ఆయన గొంతు ఉండే కేసెట్లు మీ దెగ్గిర ఉంటాయి కదమ్మా. అచ్చయినాక వాటితో మీకు పని లేదు కదా. పంపిస్తారా?”

ఈ ప్రశ్న వస్తుందని నేను మొదటిరోజు నుంచీ భయపడుతూనే ఉన్నాను. రెండు కేసెట్లే ఉన్నాయనీ, ఒక భాగం మీద ఇంకో భాగం చెప్పడంతో పాతవన్నీ చెరిగిపోయాయనీ ఆమెకూ తెలుసు. ఆఖరి రెండింటిలో ఒకటి వాళ్ల మిషనులో చుట్టుకుని తెగిపోయింది. రెండోది, ఆయన ఆఖర్న పంపింది, నా దగ్గర మిగిలి ఉందని ఆమె ఆశ. దాని మీద నేను ఒక రిటైరైన టీచరుగారి ఇంటర్వ్యూ రికార్డు చేశాను. కార్డు నా అద్దం కింద ఉన్న రోజుల్లోనే. చెప్పేశాను.

ఆమె తల వంచుకుని పులిహోర పొట్లం దారం వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఏడవలేదు. ఒక బస్సు నిండి వెళ్లిపోయింది. ఇంకొకటి వచ్చింది.

“మూడేండ్లు విన్నారు కదమ్మా,” అంది చివరికి. “మీకు గుర్తుందా ఆయన గొంతు?”

ఉందన్నాను.

“నాకు రావటంలా. ముప్పై ఏండ్లు విన్నా. ఈ పది దినాలుగా యోచన చేస్తా ఉండా, చెవుల్లోకి రావటంలా. నన్ను ఎట్ల పిలుస్తాడో ఒక తూరి పిలవండి.”

కథ చెబుతూ చెబుతూ ఆయన మధ్యలో ఆపి ఆమెను కేకేసేవారు. అవి కథలోవి కావు కాబట్టి నేను రాసుకునేదాన్ని కాదు. కానీ విన్నాను, ఎన్నిసార్లో. పేరులో రెండో అక్షరాన్ని సాగదీసి, చివర ఏదో అడుగుతున్నట్టు దించేవారు. తలుపు అవతల ఉన్న మనిషిని పిలిచినంత గొంతు, అంతకు మించి పెంచేవారు కాదు.

“కస్తూరీ, ఫ్యాను కొంచెం నిలుపు.”

పక్క బల్ల మీదివాళ్లు తిరిగి చూశారు. ఆమె కళ్లు మూసుకుంది. “ఇంగోసారి,” అంది. మళ్లీ పిలిచాను. నాకు ఆయన గొంతు రాదు, ఆ సాగదీత ఒక్కటే వస్తుంది. ఆమె తల అడ్డంగా ఊపి, “కొంచెం మెల్లిగా,” అంది.

మూడోసారి పిలిచినప్పుడు కళ్లు తెరవకుండానే, “వొస్తా ఉండా,” అంది.